దేవనహళ్ళి సీమలో తెలుగు నాటకము

బెంగుళూరు నగరమునకు ఉత్తరముగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్న దేవనహళ్ళిని నేటివారు విమానములు దిగు తావుగా మాత్రమే ఎఱుగుదురు. చరిత్ర చదివినవారికి అది టిప్పు సుల్తాను పుట్టిన ఊరు. పండ్ల రుచి తెలిసినవారికి చకోతల ఊరు. కాని యీ ఊరి చుట్టుపట్ల పల్లెలలో రాగి పంట ఇల్లు చేరినది మొదలు ఉగాది దాటువఱకు ఏటేట నాటకముల ఋతువొకటి నడచెడిదనియు, ఆ నాటకములలో కొన్ని తెలుగున ఆడబడెడివనియు తెలిసినవారు నానాటికి తగ్గిపోవుచున్నారు. ఆ సంగతిని కాగితముపై పెట్టవలెనను తలంపుతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము పండితులము కాము. పదవ తరగతితో చదువు ముగించి, కచేరీలో గుమాస్తాగా నుండి, విశ్రాంతి పొందినవారము. కాగితములకు నకళ్ళు వ్రాయుట, లెక్కలు సరిచూచుట మా వృత్తి. ఆ వృత్తియే ఈ నాటకముల వ్యవహారమున మాకు అక్కఱకు వచ్చినది. అది ఎట్లో ముందు చెప్పుదుము.

దేవనహళ్ళి కోటను 1501లో ఆవతి నాడప్రభువుల వంశమునకు చెందిన మల్లబైరేగౌడ కట్టించెను. ఆనాటి మట్టికోటకు బదులు రాతి గోడలు హైదరు, టిప్పుల కాలమున లేచినవి. 1791లో కారన్‌వాలిసు ప్రభువు సేనలు దానిని వశము చేసికొన్నవి. ఈ సీమకు మొరసునాడని పాతపేరు. ఇచ్చట కన్నడము, తెలుగు రెండును ఒకే వీధిని, పలుమాఱు ఒకే యింటను వినవచ్చును. తల్లి తెలుగున జోలపాడును. బిడ్డ కన్నడమున పాఠము చదువును. ఇది నిన్న మొన్నటి మాట కాదు. 1537లో బెంగుళూరు పట్టణమును నిర్మించిన కెంపేగౌడ ప్రభువు ‘గంగాగౌరీవిలాసము’ అను తెలుగు యక్షగానమును రచించెనని ప్రతీతి. నగరమునకు పునాది వేసిన చేయియే తెలుగు నాటకమును వ్రాసినదని పెద్దలు చెప్పుచుండగా, ఈ సీమలో తెలుగు నాటకము అతిథి అనుటకు వీలులేదు. మాకు తూర్పున కైవారము కలదు. అచ్చటి నారాయణ తాతగారు తెలుగునను కన్నడమునను కీర్తనలు పాడిరి. ఆ తెలుగు కీర్తనలను మా పల్లెలలో భజనపరులు నేటికిని కన్నడ లిపిలో అచ్చయిన పుస్తకములు చూచి పాడుచున్నారు. లిపి యొకటి, భాష యొకటి యను ఈ విచిత్రమును పాఠకులు జ్ఞాపకముంచుకొన గోరుచున్నాము.

రంగస్థలము, తెరలు రాకమునుపు మా సీమలో నుండినది వీధినాటకము. మా పెద్దలు దానిని కేళిక అనెడివారు. ఊరి నడుమ నేలయే రంగము. ఇద్దఱు మనుష్యులు ఒక వస్త్రమును అడ్డముగా పట్టుకొనగా, దాని వెనుక నుండి పాత్ర తన పేరు, బిరుదులు చెప్పుకొనుచు ప్రవేశించెడిది. భాగవతారు తాళము పట్టి దరువెత్తగా, మద్దెలకాడు గతి చూపగా, కట్టెతో చెక్కి బంగారు పూత పూసిన భుజకీర్తులు దివిటీల వెలుతురున మెఱసెడివి. స్త్రీవేషములు పురుషులే ధరించెడివారు. కథ అందఱెఱిగినదే. కావున కథ కొఱకు గాక, ఆ దరువును ఆ నటుడు ఎట్లు పాడునో వినుటకై జనము తెల్లవారువఱకు కూర్చుండెడిది.

పందొమ్మిదవ శతాబ్ది చివఱ దక్షిణదేశ మంతటను నాటకమునకు క్రొత్త రూపము వచ్చినది. ధారవాడ కంపెనీలు, పారసీ కంపెనీలు తెరలతో, పాటలతో ఊరూర తిరిగినవి. 1880లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు ‘వ్యవహార ధర్మబోధిని’ని విద్యార్థులచే ఆడించిరి. 1884లో తుమకూరు సీమలో గుబ్బి కంపెనీ పుట్టినది. మఱుసటి ఏడు, 1885లో, కడప మండలమందలి సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు ‘కీచకవధ’ ఆడిరి. అంతకుముందు తోలుబొమ్మలాటతో జీవించిన ఆ కుటుంబములు బొమ్మలను విడిచి తామే వేషములు కట్టిరి. తల్లులు, బిడ్డలు, కోడండ్రు అందఱును నటులే యగుటచే, మగవారికి చీర కట్టవలసిన అవసరము సురభివారికి లేకపోయినది. కన్నడ నాటకమునకు గుబ్బి, తెలుగు నాటకమునకు సురభి ఒక్క ఏడాది యెడముతో పుట్టుట మా వంటి రెండు భాషలవారికి ముచ్చట గొలుపు విషయము.

అయితే వృత్తి నాటకమునకు ప్రక్కగా, పగలు తమ పని చూచుకొని రాత్రి నాటకమాడు ఔత్సాహికుల త్రోవ కూడ ఒకటి కలదు. ఆ త్రోవకు మా వైపున దారి చూపినది బళ్ళారి. ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు (1853–1912) బళ్ళారిలో వకీలు. వారు సరసవినోదినీ సభను స్థాపించి, ‘చిత్రనళీయము’, ‘విషాద సారంగధర’ మున్నగు నాటకములు వ్రాసి, తామును వేషము ధరించి ఆడిరి. నాటకములో పద్యములతోపాటు పాటలను ప్రవేశపెట్టి జనమును ఆకర్షించిరి. విషాదాంత నాటకము మన సంప్రదాయమున లేదని యెందఱన్నను వెనుదీయక సారంగధరుని కథను విషాదముగనే ముగించిరి. లోకము వారిని ఆంధ్ర నాటక పితామహుడని గౌరవించినది. అదే ఊరిలో మఱియొక వకీలు, కోలాచలము శ్రీనివాసరావుగారు (1854–1919), చారిత్రక నాటకములకు ప్రసిద్ధులు. విజయనగర పతనమును వర్ణించిన వారి నాటకమును ఆనాటి ప్రభుత్వము కొంతకాలము నిషేధించినది. ఒక ఊరు, ఇరువురు వకీళ్ళు, రెండు సమాజములు; వారి పోటీ వలన తెలుగు నాటకము పెరిగినది. పగలు న్యాయస్థానమున వాదించినవారే రాత్రి రంగమున రాజులై నిలుచుట చూచి, నాటకము చదువుకొన్నవారికి తగని పని యను మాట క్రమముగా వెనుకబడినది.

ధర్మవరమువారి మేనల్లుడు తాడిపత్రి రాఘవాచార్యులుగారు (1880–1946). లోకమునకు వారు బళ్ళారి రాఘవ. వారును వకీలే. 1909లో బెంగుళూరున ఏర్పడిన అమెచ్యూర్ డ్రమాటిక్ అసోసియేషనుతో వారికి సంబంధము కలదు. తెలుగునందే గాక కన్నడము, హిందీ, ఆంగ్లములందును నటించిరి. స్త్రీపాత్రలు స్త్రీలే ధరించవలెనని పట్టుపట్టిరి. రాగము సాగదీయుటకంటె భావము ముఖ్యమని బోధించిరి. 1927లో గాంధీ మహాత్ముడు అస్వస్థులై మా దేవనహళ్ళికి ఎదురుగా కనిపించు నందికొండపై విశ్రాంతి తీసికొనిరి. ఆ యేటనే బెంగుళూరున రాఘవగారి ‘దీనబంధు కబీరు’ హిందీ నాటకమును చూచి మెచ్చుకొనిరని చెప్పుదురు. 1953 అక్టోబరు 1వ తేదీన బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినది. తెలుగు నాటకపు పుట్టినిల్లు కన్నడ రాష్ట్రమున నుండుట కొందఱికి బాధ కలిగింపవచ్చును. మాకు మాత్రము అది మా యింటి సంగతివలెనే తోచును.

ఇక మా పల్లెల నాటకముల ఋతువును గూర్చి చెప్పవలయును. మేము కన్నులార చూచినదే వ్రాయుచున్నాము.

రాగి కోతలు ముగిసి కళ్ళములు ఖాళీ యైన పిమ్మట ఒక సాయంకాలము రావికట్టపై పెద్దలు కూడెడివారు. ఏ నాటకము, ఏ మేష్టరు, ఏ తేదీ యను మూడు విషయములు నిర్ణయమయ్యెడివి. తరువాత పాత్రల పంపకము. వేషము కట్టువారికి డబ్బిచ్చుట కంపెనీ పద్ధతి. మా పద్ధతి దానికి తలక్రిందులు. వేషము కోరినవాడే డబ్బు కట్టవలయును. ఆ డబ్బుతోనే నాటకపు ఖర్చు గడచును. కురుక్షేత్రమైనచో దుర్యోధనునికి అందఱికంటె ఎక్కువ. కృష్ణునికి, భీమునికి తరువాత. ద్వారపాలకునికి అతి స్వల్పము. దుర్యోధనుని కిరీటము కొఱకు గొఱ్ఱెలు అమ్మినవారిని మేము ఎఱుగుదుము. గొంతు బాగుండి చేతిలో డబ్బు లేని కూలివాడొకడు కృష్ణుని వేషము కోరగా, మిగిలినవారు తలకొంచెము వేసికొని అతని వంతు కట్టిన సంగతియు ఎఱుగుదుము. డబ్బుకు వేషమమ్ముట న్యాయమా యని పట్నవాసులు అడుగవచ్చును. కాని ఏ దొరయు, ఏ ప్రభుత్వమును పైసా ఇయ్యని ఊరిలో నాటకము నిలిచినది ఈ ఏర్పాటు వలననే.

మేష్టరుగారు హార్మోనియము పెట్టెతో వచ్చి రెండు మూడు నెలలు ఊరిలోనే మకాము. భోజనము వంతులవారిగా ఇంటింట. రాత్రి దీపాలవేళ మొదలు తాలీము. చదువురానివారికి పద్యమును పాదము పాదముగా నోట పలికించి, తప్పు పలికిన తావున ఆపి, మఱల మఱల చెప్పించెడివారు. తాళము తప్పినవానికి మేష్టరుగారి చేతికఱ్ఱ నేలపై తట్టి జ్ఞప్తి చేసెడిది. వీధిలోని పిల్లలకు నటులకంటె ముందుగనే పద్యములు వచ్చెడివి. తెల్లవారి పొలమునకు పోవువాడు నాగలి వెనుక దుర్యోధనుని పద్యము పాడుచుండగా, ప్రక్క చేనివాడు భీముని పద్యముతో బదులిచ్చెడివాడు. ఈ ఋతువున పొలముకూడ రంగమే.

మాకు పదునెనిమిది ఏండ్లు నిండని ప్రాయమున, అక్షరములు బాగుగా వ్రాయుదుమను కారణముచే నాటకపు లెక్కలు మాకు ఒప్పగించిరి. సీనరీ అద్దె, వేషముల అద్దె, పెట్రోమాక్సు దీపములు, తబలావాని రొక్కము, పట్నము నుండి వచ్చు పాత్రధారిణుల ప్రయాణము, ముఖమునకు పూయు రంగులు, వాటిని తుడుచుటకు కొబ్బరినూనె, పూజకు టెంకాయలు, పందిరికి గడలు. ఇవన్నియు ఆ పుస్తకమున వరుసగా ఎక్కెడివి. జమవైపున పాత్రధారుల వంతులు, నాటకపు రాత్రి చదివింపులు. బంధువులు రంగమెక్కి నటుని మెడలో దండవేసి నోటు చేతికిచ్చినప్పుడెల్ల నాటకము ఆగెడిది. చచ్చి పడియున్న వీరుడును లేచి దండ వేయించుకొని మఱల పడుకొనెడివాడు. ఎవ్వరును నవ్వెడివారు కారు.

భాషను గూర్చి ఒకయేడు తగవు వచ్చినది. యువకులు కన్నడ కురుక్షేత్రమే కావలెననిరి. వృద్ధులు తెలుగు సారంగధరయే ఆడవలెననిరి. ఊరి పెద్ద ఇరుపక్షములను విని, రెండు రాత్రులు రెండు నాటకములు అని తీర్పు చెప్పెను. తెలుగు నాటకమున సారంగధరుడుగా ఆడినవాడు ఇంట కన్నడము మాటలాడు రైతు. కొన్ని పదములకు అర్థము అడిగి తెలిసికొనెను. కొన్నిటిని అడుగకయే పాడెను. కాని ఆ రాత్రి చిత్రాంగి నింద వేయగా తండ్రియెదుట అతడు పాడిన పద్యమునకు కన్నీరు పెట్టనివారు లేరు.

ఆ నాటకమునకు మేము ప్రక్కతెర వెనుక నిలిచి మాటలు అందించువారము. నడిరాత్రి గాలి వీచి నోటుపుస్తకమున రెండు పుటలు తిరుగబడినవి. మేము గమనింపక ముందు రంగపు మాటలు అందించితిమి. అక్షరజ్ఞానము లేని ఆ రైతు ఒక్క క్షణము మావైపు చూచి, మా మాట విడిచి, తన పద్యమును తానే సరియైన తావు నుండి ఎత్తుకొనెను. చదివినవాని తప్పును చదువనివాడు దిద్దెను. జనమునకు తెలియనే లేదు. మాకు మాత్రము నేటికిని మఱపునకు రాలేదు.

ఈ ఋతువు ఎట్లు తఱిగినది? ఒక్క కారణము చెప్పుటకు వీలులేదు. టూరింగు టాకీసుల గుడారములు వచ్చినప్పుడే జనము కొంత చీలినది. తరువాత టెలివిజను ప్రతి యింటికి ఒక రంగమును తెచ్చినది. పాఠశాలలో తెలుగు లేకపోవుటచే కొత్తతరమువారికి తెలుగు వినుటకే గాని చదువుటకు రాలేదు. కావున నాటకము నిలిచిన ఊళ్ళలోను కన్నడ కురుక్షేత్రమే నిలిచినది, తెలుగు వెనుకబడినది. దీనికి కన్నడమును నిందించుట కృతఘ్నత. అన్నము పెట్టిన భాష అది. 2008 మే నెలలో విమానాశ్రయము తెఱవబడిన పిమ్మట భూమి విలువ మారినది. రాగి చేలు లేఅవుట్లయినవి. పంటయే లేనిచోట పంట తరువాతి తీరిక ఎక్కడిది? కళ్ళమే లేనిచోట పందిరి ఎక్కడ వేయుదురు? వేషము కట్టదగిన పడుచువాండ్రు రాత్రి షిఫ్టునకు పోవుచున్నారు. వారి తప్పు ఏమియు లేదు. నాటకమునకు కావలసినది డబ్బొక్కటే కాదు. ఊరివారందఱికి ఒకేసారి తీరిక దొరకవలయును. అది పోయినది.

ఇంక మా చేతనున్న నోటుపుస్తకము సంగతి. మా మేష్టరుగారు గతించిన చాల యేండ్లకు వారి కుమారుడు ఇల్లు ఖాళీ చేయుచు, ఆ సారంగధర పుస్తకమును మాకిచ్చెను. భాష తెలుగు, లిపి కన్నడము. కందములు, ద్విపదలు, దరువులు, నడుమ వచనము. ధర్మవరమువారి నాటకము విషాదాంతము కాగా, ఈ పుస్తకమున సిద్ధుడు వచ్చి సారంగధరునికి కాలుసేతులు మరల ఇచ్చును. మంగళహారతితో కథ ముగియును. మంగళము పాడనిదే మా పల్లెజనము ఇండ్లకు లేచెడివారు కారు. వచనమందలి పలుకుబడి మా సీమదే. పుస్తకములలోని తెలుగు కాదు. మా అమ్మమ్మ మాటలాడిన తెలుగు.

దీనిని అచ్చు వేయింతురేమోయని పట్నమున ఒక సంస్థవారికి చూపితిమి. వారు రెండు పుటలు త్రిప్పి, ఇది కన్నడ పుస్తకము, కన్నడమువారికి చూపుడని తిరిగి ఇచ్చిరి. కన్నడము చదువు మా మనుమనికి చూపగా, వాడు గడగడ చదివి, ‘తాతా, దీనికి అర్థమేమి?’ అని అడిగెను. చదువగలిగినవారికి తెలియదు, తెలిసినవారికి చదువరాదు. ఒక పుస్తకము చచ్చుటకు నిప్పు, నీరు, చెదలు అవసరములేదని ఆనాడు మాకు బోధపడినది.

అప్పుడు మా పాతవృత్తి జ్ఞప్తికి వచ్చినది. చిన్ననాడు మా తండ్రిగారు భాగవతము చదివించుటకై తెలుగు అక్షరములు నేర్పియుండిరి. తెలుగు, కన్నడ లిపులు ఒక్క తల్లి బిడ్డలే గనుక నకలు వ్రాయుట కష్టము కాలేదు. దినమునకు రెండు పుటల చొప్పున వ్రాసి ముగించితిమి. వ్యాకరణము తప్పినచోట్ల దిద్దలేదు. కన్నడపదము దొరలినచోట్ల మార్చలేదు. నకలు వ్రాయువాడు మూలమును దిద్దరాదని కచేరీలో నేర్చిన నియమము. ఒక్క దరువున మాత్రము ఒక పాదము అర్థము కాక, తాళమునకు పొసగక, చిహ్నము పెట్టి విడిచితిమి.

నాటి సారంగధరుడు నేటికి ఎనుబది దాటి, ఇంటి అరుగుపై కూర్చుండియున్నాడు. చూపు మందగించినది. క్రిందటి సంక్రాంతికి పోయి ఆ దరువు చదివి వినిపించితిమి. ఆ పాదము వచ్చుసరికి ఆయన చేయెత్తి ఆపెను. ‘అది కాదయ్యా’ అని, వణకు గొంతుతో సరియైన పాదమును పాడెను. అక్షరము లొక్క రెండు తాఱుమాఱు, అంతే. అర్థమును తాళమును రెండును కుదిరినవి. మఱల చదువనివాడే దిద్దెను. నకలున మేము చేసిన సవరణ ఇదొక్కటే.

మా సంఘమువారికి మా విన్నప మిది. నందికొండ నుండి కైవారము వఱకు ఇట్టి పుస్తకములు అటకలపై ఇంకను ఉండవచ్చును. వాటిని కన్నడ పుస్తకములని త్రోసివేయక తెలుగు లిపిలోనికి నకలు వ్రాయింపవలయును. మూలమును మూలముగనే భద్రపఱచవలయును. అంతకంటె ముందు, ఆ పద్యములు నోట నున్న వృద్ధులయొద్దకు పోయి వినవలయును. పుస్తకము కొన్నాళ్ళు వేచియుండును, వారు వేచియుండజాలరు. ఏడాదికొక్క రాత్రి, ఉగాది సమయమున, ఒక తెలుగు నాటకము, దానితోపాటు ఒక కన్నడ నాటకము ఆడింపగలిగినచో మా ఊరిపెద్ద చెప్పిన తీర్పు మరల నిలుచును. లెక్కలు వ్రాయుటకు, ప్రక్కతెర వెనుక నిలిచి మాటలు అందించుటకు మేము సిద్ధముగా నున్నాము. ఈసారి పుటలు గాలికి తిరుగకుండ చేతితో అదిమి పట్టుకొందుము.